డిప్యూటీ గవర్నర్ల వాకిట మొజిరాదె

మా రాష్ట్రంలో ఓట్లతో గెలిచి ఏలిన గవర్నర్ల పేర్లు రోడ్లకు ఉన్నాయి, ఆసుపత్రులకు ఉన్నాయి, ఒకాయన పేరైతే బస్టాండులో నీళ్ళు రాని కుళాయికి కూడా ఉంది. డిప్యూటీ గవర్నర్ల పేర్లు దేనికీ లేవు. డిప్యూటీ అంటే జనం దృష్టిలో డిక్కీలో పడి ఉండే స్టెప్నీ టైరు. ఉందా అంటే ఉంది, వాడతారా అంటే దేవుడికే తెలియాలి. వాళ్ళలో ఒక్కొక్కరినీ మనసుపెట్టి గుర్తుంచుకున్న మనిషి మాకు ఒక్కతే ఉండేది. ఆమె పేరు మొజిరాదె. ఆ ఆఫీసు ఊడ్చేది. అందరూ ఆమెను మామా అని పిలిచేవాళ్ళు, మా దగ్గర ఆ మాటకు అమ్మ అని అర్థం.

రాష్ట్రం పుట్టిన ఏడాదే ఆమె పనిలో చేరింది. కొత్త రాష్ట్రం, ఇంకా తడారని గోడలు. గవర్నరుకు మేడ దొరికింది. డిప్యూటీకి మాత్రం కోకో గింజల గిడ్డంగి పక్కనున్న రేకుల ఇల్లు ఇచ్చారు. మొదటి డిప్యూటీ పా అదెగొరోయె, రిటైరైన హెడ్మాస్టరు, అందుకే పేరు ముందు పెద్దాయన అన్నట్టు ఆ 'పా'. ఆయన తెల్లటి అగ్బాదా వేసుకుని, దాని అంచులు దుమ్ములో పడకుండా చేత్తో ఎత్తి పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి, ఏ కుర్చీలో కూర్చోబెట్టాలో తెలియక గుమస్తాలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. అప్పుడు ఊడుస్తున్న మొజిరాదె చీపురు పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆయన ఒరీకీ అందుకుంది.

"అదెగొరోయె, దారి తప్పిన ఏనుగుకు దారి చూపినవాళ్ళ మనవడా, వాన రాకముందే చేను సిద్ధం చేసుకున్నవాళ్ళ బిడ్డా, తెల్లారిందా నాయనా?"

ఒరీకీ అంటే ఆ మనిషి వెనక నిలబడ్డ తాతముత్తాతలందరినీ పేరుపెట్టి పొగుడుతూ లేపడం. మావాళ్ళలో ఎంతటివాడైనా సరే, తన ఒరీకీ వినబడితే కదలకూడదు. అది ముగిసేదాకా నిలబడి వినాలి. పా అదెగొరోయె నిలబడ్డాడు. బడిపిల్లలు వణికిపోయిన ఆ మనిషి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మా అమ్మ పోయాక నన్నెవరూ ఇలా పిలవలేదమ్మా," అన్నాడు.

అలా మొదలైంది. తర్వాత ప్రతి పొద్దుటా అదే వరస.

ఇన్ని ఇళ్ళ ఒరీకీలు ఆమెకెలా వచ్చాయని అందరూ అడిగేవాళ్ళు. మూడేళ్ళప్పుడు ఆమెను బట్టల వ్యాపారం చేసే ఒకామె ఇంట్లో పనికి వదిలేసి వెళ్ళారు. ఆ లోగిలి నిండా ముసలమ్మలు, ఒక్కొక్కరిదీ ఒక్కో ఊరు. తెల్లవారితే చాలు, తమ మనవలను ఒరీకీ చెప్పి నిద్రలేపేవాళ్ళు. ఈ పిల్ల బొగ్గులు విసురుతూ అన్నీ విని నేర్చుకుంది. పెద్దయ్యాక సంతలో ఎవరు ఎక్కడివాళ్ళో చూపుతోనే పసిగట్టి, వాళ్ళ ముసలివాళ్ళ పక్కన చేరి మిగతావి సంపాదించుకుంది. అందరివీ వచ్చాయి, తనది మాత్రం రాలేదు. ఆమెను నిద్రలేపినవాళ్ళు ఎప్పుడూ కాలితో తట్టి లేపారు. ఏ ఊరి నుంచి తెచ్చారో చెప్పాల్సిన వ్యాపారి చెప్పకుండానే పోయింది. రెండు చెంపల మీదా చిన్నప్పుడు వంశం గుర్తుగా కోసిన సన్నటి గీతలు తప్ప పుట్టింటి నుంచి ఆమెకు వచ్చింది ఏమీ లేదు.

పెళ్ళయింది, మొగుడు పోయాడు, పిల్లలు నిలవలేదు. ఆఫీసు వెనక నౌకర్ల వరసలో చివరి గది ఆమెకిచ్చారు. అదే ఆమె ఊరు.

పా అదెగొరోయె కుర్చీ వేడెక్కకముందే సైనికులు వచ్చారు. డిప్యూటీ పదవే లేదన్నారు, ఆఫీసుకు తాళం వేసి లోపల విరిగిన కుర్చీలు పడేశారు. కొన్ని నెలలకు ఆయన అగ్బాదా లేకుండా మామూలు చొక్కాలో వచ్చాడు. మర్చిపోయిన గొడుగు కోసమట. కాపలా సైనికుడు కూర్చున్నచోటి నుంచి లేవలేదు. మొజిరాదె మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని మొత్తం ఒరీకీ, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పింది. ఆయన గొడుగు సంగతి మర్చిపోయి వెళ్ళిపోయాడు. ఆ గొడుగును ఆమె చాలాకాలం దాచింది. తాళం వేసిన ఆఫీసు వాకిలి కూడా సైనికులు పోయేదాకా రోజూ ఊడ్చింది.

మళ్ళీ ఎన్నికలొచ్చాక కలప వ్యాపారి అల్హాజీ ముఫుతావు వచ్చాడు. ఆయనకు ఒరీకీ అంటే పిచ్చి. చుట్టాలొస్తే కావాలని మళ్ళీ బయటికెళ్ళి మళ్ళీ లోపలికొచ్చేవాడు.

"ఏంటల్హాజీ, పొద్దున్నే చెప్పాను కదా," అనేది మొజిరాదె.

"అది పొద్దుటిది. ఇది మా బావమరిది వినాలి. వాడు నన్ను స్టెప్నీ అన్నాడు."

ఆయన తర్వాత వచ్చిన డిప్యూటీ ఆడమనిషి, మిసెస్ ఒలావోరె. ఆమె దగ్గర మొజిరాదె పప్పులో కాలేసింది. పెళ్ళయిన మనిషి కదా అని మొగుడి ఇంటి ఒరీకీ మొదలుపెట్టింది. ఒలావోరె ఆగలేదు. చెప్పులు టకటకలాడిస్తూ రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"మామా, ఓట్లు పడింది నాకా, నా మొగుడికా?"

"మీకేనమ్మా."

"మరి ఆయన తాతలెందుకు లేచొస్తున్నారు పొద్దున్నే? మా నాన్న తాతలకు కాళ్ళు లేవా?"

మొజిరాదె సిగ్గుపడి, ఆ ఆదివారమే ఆమె పుట్టిన ఊరు వెళ్ళి, ముసలమ్మల పక్కన కూర్చుని ఒరీకీ మొత్తం పట్టుకొచ్చింది. సోమవారం పొద్దున ఒలావోరె కదలకుండా నిలబడి విన్నది. ఆ తర్వాత పదవి ఉన్నన్నాళ్ళూ ఇద్దరూ వరండాలో అకారాలు, అంటే బొబ్బర్ల వడలు, పంచుకు తిన్నారు.

ఆమె తర్వాతివాడు డాక్టర్ ఒగుంజిమి. వ్యవసాయ కళాశాలలో పాఠాలు చెప్పినవాడు, పెండలం సాగు నేర్పుతూ పల్లెలన్నీ తిరిగినవాడు. మొదటి రోజు ఒరీకీ అయ్యాక, మిగతావాళ్ళెవరూ అడగనిది ఆయన అడిగాడు.

"మరి మీది ఎవరు చెబుతారు మామా?"

"నాకెక్కడిది సార్. నేను ఊడ్చేదాన్ని."

"ఊడ్చేవాళ్ళకు తాతలుండరా?"

"ఉండే ఉంటారు. నా అడ్రస్ పారేసుకున్నారు."

ఆయన నవ్వాడు కానీ, ఆమె చెంపలవైపు కాసేపు చూశాడు.

గవర్నరుకూ ఒగుంజిమికీ ఎక్కడ చెడిందో ఊరంతా రకరకాలుగా చెప్పుకున్నారు. చెడిన మాట మాత్రం నిజం. ముందు సైరన్ కారు పోయింది, తర్వాత ఆఫీసు జనరేటర్‌కు డీజిల్ ఆగిపోయింది, ఆఖరికి శాసనసభలో చేతులెత్తి పదవి తీసేశారు. మర్నాడు ఆయన వచ్చి తన సామాను తీసుకెళ్ళాలి. ప్రోటోకాల్ ఆఫీసర్ బమిషిలె ఆ సాయంత్రమే మొజిరాదె గది దగ్గరికి వచ్చాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు.

"మామా, రేపు తలనొప్పి అని పడుకో."

"నాకు తలనొప్పి లేదు కదా."

"తెచ్చుకో. పైనుంచి మనిషి వచ్చి కూర్చుంటాడు, ఆయనకు ఎవరు దండం పెట్టారు, ఎవరు సంచి అందుకున్నారు, అన్నీ చూస్తాడు. నీ నోరు లేచిందంటే ఈ గది ఉండదు. గది పోతే ఎక్కడికి పోతావు? మాకైతే ఊళ్ళున్నాయి."

ఆ చివరి మాట అనేశాక బమిషిలెకే బాధేసింది. మొజిరాదె తప్పుపట్టలేదు. నిజమే కదా. మా దగ్గర ఉద్యోగం అయిపోయినవాళ్ళు సొంత ఊరికి పోతారు, అక్కడ ఎవరో ఒకరు గడప చూపిస్తారు. ఆమెకు గడప అంటే ఈ గది గడపే. ఆమె తలుపేసుకుని మంచం మీద కూర్చుని, తలనొప్పి వస్తుందేమోనని నిజంగానే ఎదురుచూసింది.

పొద్దున అందరూ ఎవరి గదుల్లో వాళ్ళున్నారు. కాగితాల మీద వంచిన తలలు ఎవరూ ఎత్తలేదు. పైనుంచి వచ్చిన మనిషి వరండాలో కుర్చీ వేసుకుని పళ్ళు కుట్టుకుంటున్నాడు. ఒగుంజిమి ఒక చేత్తో సంచి, ఒక చేత్తో కిటికీ దగ్గర పెంచుకున్న మొక్క కుండీ పట్టుకుని బయటికొచ్చాడు. కాళ్ళకు ఇంటి చెప్పులు. రోజూ ఆగే చోటికి వచ్చేసరికి అలవాటుగా అడుగు నెమ్మదించింది, ఎవరూ లేరని గుర్తొచ్చి మళ్ళీ కదిలాడు.

స్తంభం వెనక చీపురు పట్టుకుని నిలబడ్డ మొజిరాదె ఆ తడబాటు చూసింది. పా అదెగొరోయె వదిలేసిన గొడుగు గుర్తొచ్చింది. తన గదీ, మంచమూ, గోడకున్న అద్దమూ కూడా గుర్తొచ్చాయి. చీపురు స్తంభానికి ఆనించి, ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఒగుంజిమి, ఇనుము కరిగించిన ఇంటి దీపమా, కాయలు కాచిన చేతులతో బిడ్డలను మెత్తగా నిమిరినవాళ్ళ మనవడా, నీ తాత కత్తి తీస్తే అడవి తనంతట తానే పక్కకు జరిగింది. తెల్లారిందా నాయనా?"

ఆయన ఆగిపోయాడు. ఆగక తప్పదు. ఆమె ఆ రోజు ఏదీ తగ్గించలేదు, తల్లివైపు వాళ్ళను కూడా లేపింది. ఆఫీసంతా విన్నది. ముగిశాక ఆయన కుండీని ఆమె ముందు పెట్టి, సంచి ఒక్కటే తీసుకుని గేటు దాటాడు.

మధ్యాహ్నానికి గది ఖాళీ చెయ్యమన్నారు. ఆ మాట చెప్పడానికి వచ్చిన బమిషిలే ఆమె పరుపు నెత్తిన పెట్టుకుని రోడ్డుదాకా మోశాడు. "తలనొప్పి తెచ్చుకోమంటే విన్నావా," అంటూ దారంతా గొణిగాడు, కళ్ళు తుడుచుకున్నాడు. మొజిరాదె మొక్క కుండీ పట్టుకుని ఆయన వెనకే నడిచింది.

సెంటర్లో అకారాలు వేసే సిదికాతు తన రేకుల పంచన చోటిచ్చింది. మొజిరాదె బొబ్బర్లు నానబోసేది, రుబ్బేది, నూనె కాచేది. ఒరీకీ మాత్రం మానేసింది. ఎరిగిన మొహాలు ఎన్నో వచ్చేవి, పిలవబుద్ధి కాలేదు. కొత్త డిప్యూటీ కార్లు అటే పోయేవి. అందులో కూర్చున్న మనిషి ఎవరి మనవడో ఆమెకు తెలుసు, అయినా నోరు రాలేదు.

"నిన్ను చూస్తే నాకే దిగులుగా ఉందే," అనేది సిదికాతు. "ఎవరినైనా పొగడవే. కనీసం నన్ను పొగుడు, బేరాలైనా పెరుగుతాయి."

"నా గొంతు ఆ వాకిట్లోనే ఉండిపోయింది," అంది మొజిరాదె. అది హాస్యానికి అన్న మాట కాదు.

ఉత్తరపు దుమ్ముగాలి మొదలైన రోజుల్లో, ఒక పొద్దున డొక్కు టాక్సీ ఒకటి ఆగింది. ఒగుంజిమి దిగాడు. బాగా చిక్కిపోయాడు, చెప్పుల నిండా ఎర్రమట్టి. బేరానికి నిలబడ్డవాళ్ళంతా పక్కకు జరిగారు. మొజిరాదె గరిట వదిలేసి మోకాళ్ళు వంచబోయింది.

"వద్దు మామా. అలాగే ఉండండి."

"సార్, ఈ దుమ్ములో..."

"ఇంకా సార్ ఏంటి? పదవి పోయింది కదా. ఏటి అవతలి ఊళ్ళలో మీ చెంపల మీది గీతల్లాంటివే ఎప్పుడో చూశాను. ఏ ఊళ్ళోనో గుర్తురాక ఇన్నాళ్ళు పట్టింది. పదవి లేదు కాబట్టి తిరగడానికి తీరిక దొరికింది."

మొజిరాదె చెయ్యి తనకు తెలియకుండానే చెంప మీదికి పోయింది.

"బట్టల వ్యాపారికి పిల్లను ఇచ్చిన ఇల్లేదని అడిగితే చూపించారు. మీ మేనత్త ఉంది. కళ్ళు కనబడవు, నడవలేదు, నోరు మాత్రం బ్రహ్మాండం. ఆ ఏడాది ఊళ్ళో కరువట. ఒక్కపూటైనా తింటుందని మిమ్మల్ని పంపారట. వ్యాపారి ఇల్లు మారిపోతే వెతికి వెతికి మీ అమ్మ పోయిందట. మీ ఒరీకీ నన్నే నేర్చుకోమంది మేనత్త. నా గొంతు విని కప్ప నయం అంది. అయినా వదల్లేదు, వచ్చేదాకా నేర్పింది."

అని, ఒకప్పటి డిప్యూటీ గవర్నరు, సెంటర్లో అందరూ చూస్తుండగా ఆ మట్టిలో సాష్టాంగపడ్డాడు. పెద్దవాళ్ళకు మగవాళ్ళు పెట్టే దండం అది. అక్కడి నుంచే, తలెత్తి, తడుముకుంటూ మొదలుపెట్టాడు.

"అజోకె..."

అజోకె అంటే అందరూ కలిసి ముద్దుచేసుకునే పిల్ల. తనను పుట్టింట్లో అలా పిలిచేవాళ్ళన్న సంగతి మొజిరాదెకు ఇన్నేళ్ళూ తెలియదు.

"అజోకె, ఏటి అవతలి ఇంటి పిల్లా, పడవ మునిగినా గంప వదలనివాళ్ళ మనవరాలా, వచ్చినవాళ్ళ పేరడగకముందే నీళ్ళిచ్చినవాళ్ళ బిడ్డా... ఇక్కడ ఇంకొకటేదో ఉంది, మర్చిపోయాను. అత్త తిడుతుంది."

"ఆపకు నాయనా," అంది మొజిరాదె, కన్నీళ్ళు కారిపోతుండగా.

ఆయన మళ్ళీ మొదటికొచ్చాడు. గొంతు నిజంగానే బాగాలేదు. బాణలిలో నూనె పొగలొస్తోంది.

"అకారాలు మాడిపోతున్నాయే, గరిట తియ్యి," అని సిదికాతు వెనకనుంచి అరిచింది.

మొజిరాదె గరిట ముట్టుకోలేదు. తన ఒరీకీ చెబుతున్నప్పుడు మనిషి కదలకూడదు.

"అజోకె, తెల్లారిందా తల్లీ?" అని అడిగాడాయన, చివరికొచ్చి.

"తెల్లారింది నాయనా," అంది ఆమె.