నూరుడు రాళ్ళు లేని ఊరు

డాక్టర్ నవ్వాఫ్ నోరు మా ఫిద్దా వదిన మూయించిన రోజున నేను అక్కడే ఉన్నాను. ఆయన అమ్మాన్ నుంచి వచ్చిన పెద్ద చదువుల మనిషి. మూసా ప్రవక్త జనం ఎడారిలో తిరుగుతూ దిగిన ఊరొకటి పాత గ్రంథంలో ఉందట. అది మా వైపే ఎక్కడో మట్టిలో కలిసిపోయిందని మూడు చలికాలాలుగా పడమటి దిబ్బను తవ్విస్తున్నాడు. ఆ ఊరి పేరుకు నా నోరు తిరగదు. బడికి రెండేళ్ళే పోయాను, అదీ డేరా బడి. అయినా నా సంతకం నేనే పెడతాను, వేలిముద్ర వేసే రకాన్ని కాను.

ఆ రోజు ఎవరో పెద్దమనుషులు చూడ్డానికి వచ్చారు. నవ్వాఫ్ చెయ్యి చాచి, "ఇదే ఆ ఊరు, ఇక అనుమానం లేదు" అన్నాడు. మేకలతో అటు పోతున్న ఫిద్దా వదిన ఆగింది.

"నాయనా డాక్టరూ, ఇక్కడ ఆడవాళ్ళు ఉండేవాళ్ళా?"

"ఊరన్నాక ఉండరా పెద్దమ్మా?"

"ఉంటే నూరుడు రాళ్ళేవి? మూడేళ్ళు తవ్వావుగా, ఒక్కటి చూపించు."

ఆయన కుండపెంకులు చూపించాడు. గోడ చూపించాడు. వదిన దేనికీ తల ఊపలేదు.

"కుండలు దారిన పోయేవాళ్ళూ పగలగొడతారు. గోడ కావలివాళ్ళూ కడతారు. గింజ నూరకుండా నీ ఊరివాళ్ళు ఏం తిన్నారు, ఆ గోడనా? నడుం వంగిన నల్లరాయి ఇంటికొకటి ఉండాలి. ఊరొదిలి పోయేవాడు దాన్ని మోసుకుపోడు, ఒంటె కూడా తిడుతుంది. ఇది ఊరు కాదయ్యా. పనిలేని మగాళ్ళు కూర్చుని కబుర్లాడుకున్న కావలి గుడిసె."

పార పట్టిన కూలీలు పగలబడి నవ్వారు. వచ్చిన పెద్దమనుషుల్లో ఒకాయన జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు. నవ్వాఫ్ ముఖం కందిపోయింది. అయినా మర్యాదగానే అడిగాడు:

"మరి ఆ రాళ్ళు ఎక్కడున్నాయి పెద్దమ్మా?"

వదిన నోరు తెరిచింది. మళ్ళీ మూసేసింది. మేకల్ని అదిలించి వెళ్ళిపోయింది. మాట మధ్యలో మింగడం ఆవిడ దగ్గర నేనెన్నడూ చూడలేదు.

ఫిద్దా నా మగడికి అక్క. పెళ్ళయిన ఏడాదికే మొగుడు లోయలో పడి పోయాడు. పిల్లలు లేరు. మళ్ళీ చేసుకోమంటే, "ఒక మగాడికి రొట్టె కాల్చాను, చాలు" అని మేకల వెంట పడింది. ఇసుకలో అడుగుజాడ చూసి నడిచినవాడు కుంటివాడో, బరువు మోస్తున్నాడో, అబద్ధమాడి వచ్చాడో చెప్పేది. ఆ చివరిది నేను నమ్మను గానీ మగాళ్ళు నమ్మి భయపడేవాళ్ళు. నాతో ఆవిడకు రోజూ పోట్లాటే. నా టీలో చక్కెర తక్కువంటుంది, నా కొడుకు రుషైద్ సోమరంటుంది. కానీ తట్టు పోసిన ఏడు నన్ను బతికించింది ఆవిడే. అది నేను ఎవరి ముందైనా ఒప్పుకుంటాను.

నవ్వాఫ్ ఆ మాట వదల్లేదు. దిబ్బ తవ్వడం ఆపించి, నల్లరాళ్ళ కోసం వాగులన్నీ గాలించాడు. పోయిన మంగళవారం తుమ్మల వాగు గట్టున, మా వదిన మేకలు మధ్యాహ్నం పడుకునే చోట, సగం విరిగిన నూరుడు రాయి దొరికింది. అక్కడంతా మేకులు కొట్టి తాళ్ళు కట్టారు. శనివారం నుంచి తవ్వకం అన్నారు.

గురువారం పొద్దున నేను బోర్లించిన రేకు మీద రొట్టె వేస్తుంటే వదిన వచ్చి పొయ్యి పక్కన కూలబడింది. టీ ఇచ్చాను. చక్కెర మాట ఎత్తలేదు.

"రుషైద్ తల్లీ, అక్కడ ఊరుంది. నాకు నలభై ఒక్క ఏళ్ళుగా తెలుసు."

"తెలిస్తే చెప్పొచ్చుగా? నవ్వాఫ్ నీకో పతకం వేసేవాడు."

"నీ తురైఫా అక్కడుంది."

నాకు అర్థం కాలేదు. తురైఫా నా పెద్దకూతురు. మూడేళ్ళ పిల్ల, ఆ తట్టులోనే పోయింది. వాగుకు అవతల, మా ముత్తాత సమాధి పక్కన ఉంది. ప్రతి బక్రీదుకూ నేను పోయి నీళ్ళు చల్లి వస్తాను.

"వదినా, ఎండ దెబ్బ తగిలిందా నీకు?"

"అవతల ఉన్నది ఉత్త రాళ్ళకుప్ప. నేనే పేర్చాను."

రేకు మీద రొట్టె మాడిపోతోంది. వాసన వస్తోంది. నా చెయ్యి లేవలేదు.

ఆవిడ నన్ను చూడకుండా చెప్పుకుపోయింది. ఆ తట్టు రోజుల్లో మగాళ్ళంతా మఆన్ సంతకు పోయారు. వాగు పొంగింది. ఎనిమిది రోజులు అటువాళ్ళు ఇటు రాలేదు, ఇటువాళ్ళు అటు పోలేదు. డేరాల్లో అందరం పడిపోయాం, లేచి తిరిగింది ఆవిడొక్కతే. ముగ్గురు పిల్లలు పోయారు. శ్మశానం వాగుకు అవతల. ఇవతల అంతా బండ. తుమ్మల గట్టున ఒక్కచోటే నేల మెత్తగా ఉంది.

"తవ్వుతుంటే బూడిద వచ్చింది. పొయ్యి గుంట వచ్చింది. పొయ్యి పక్కనే నల్లరాయి. ఇంకో అడుగు జరిగితే ఇంకోటి. ఇళ్ళున్న చోటని అప్పుడే తెలిసింది, అందుకే మెత్తగా ఉంది. దుమ్ములగొండి రాత్రంతా అరుస్తోంది. ఆ రాళ్ళే మోసి పిల్లల మీద బోర్లించాను, అది లాగకుండా. నమాజు మగాళ్ళు చదవాలి. వాళ్ళు లేరు. నాకొచ్చినంత చదివాను."

"మరి నాతో..."

"జ్వరంలో కళ్ళు తెరిచి 'మా ముత్తాత పక్కన పెట్టావా' అని అడిగావు. పెట్టానన్నాను. అప్పుడు నువ్వు నీళ్ళు తాగావు. రెండు రోజుల తరవాత మొదటిసారి. వాగు తగ్గగానే పోయి అటు కుప్పలు పేర్చాను. ఆ మాట మళ్ళీ ఎలా వెనక్కి తీసుకోను?"

నాకు తిట్టు రాలేదు. ఒంటెని తిడతాను, కోడల్ని తిడతాను, దారిన పోయే లారీని తిడతాను. ఆ పొద్దున ఒక్క ముక్క రాలేదు. నలభై ఒక్క బక్రీదులు. రుషైద్ పుట్టాడని, వాడికి పెళ్ళయిందని, వాళ్ళ నాన్న పోయాడని అన్నీ ఆ కుప్ప దగ్గర కూర్చునే చెప్పాను. ఎవరికి చెప్పాను? పిల్ల ఇవతల ఉంది. ఆ గట్టు మీదుగా వంటచెరకు ఎన్నిసార్లు మోసుకొచ్చానో! ఒకసారి అలిసిపోయి మోపు దించి, అక్కడే పడుకున్నాను కూడా.

చివరికి అన్నాను: "నోరు మూసుకుని మేకల్ని కాసుకోక, ఆ నూరుడు రాళ్ళ గొడవ ఎందుకెత్తావే?" వదినతో 'ఏమే' అన్నట్టు మాట్లాడడం అదే మొదలు.

"ఆపుకోలేకపోయాను" అంది. "వాడు తప్పు చెప్తున్నాడు. అందరూ తలూపుతున్నారు. నేను పిల్లల గురించి మర్చిపోయాను. ఒక్క నిమిషం, అంతే. వాడు 'మరి ఎక్కడ' అన్నాక గుర్తొచ్చింది."

ఆవిడ మాడిన రొట్టె తీసి పక్కన పడేసింది.

"నిన్న డాక్టర్ దగ్గరికి పోయాను. చెప్పేశాను. శనివారం దాకా ఎవర్నీ అడుగు పెట్టనివ్వనన్నాడు. మనం పిల్లల్ని తీసుకున్నాకే తాళ్ళు విప్పుతాడట. రేపు జుమ్మా నమాజు అయ్యాక రుషైద్‌నీ మగాళ్ళనీ తీసుకెళ్దాం, ఈసారి వాళ్ళే చదువుతారు. మిగతా ఇద్దరి తల్లులూ పోయారు, వాళ్ళని నేను తెస్తాను. నీ పిల్లని మాత్రం నేను ముట్టుకోను. అప్పుడు నీకు ఒంటి మీద తెలివి లేదు, నేను ఎత్తుకున్నాను. రేపు నువ్వు ఎత్తుకుని వాగు దాటించు."