బావకిచ్చిన సాయంత్రం డ్యూటీ

ఆ రోజుల్లో చదువంటే మాకెంత గురి అంటే, ఏ తలుపు మూసుకుపోయినా ఇంకో పుస్తకం చదివితే తెరుచుకుంటుందని నమ్మేవాళ్ళం. ఇప్పటి పిల్లలు తెలివైనవాళ్ళు, ఆ జబ్బు వాళ్ళకు అంటలేదనుకున్నాను. మొన్న మా మేనకోడలు ఫోన్ చేసి, "మామా, ఫిజీషియన్ అసిస్టెంట్ కోర్సుకు అప్లై చేద్దామనుకుంటున్న. దానికంటె ముందు ఆస్పత్రిల డ్యూటీ మానేసి ఇంకో ఏడాది ఏదన్న ఎక్స్‌ట్రా చదివితె సీటు పక్కా వస్తదా?" అని అడిగింది. (డాక్టరు పక్కనుండి రోగిని చూసుకునే పనికి చదివే చదువు అది.) ఆ మాట చెవిన పడగానే, ముప్పై ఏళ్ళ కిందటే చల్లారిందనుకున్న నా కడుపుమంట మళ్ళీ భగ్గుమంది. పిల్ల తప్పేం లేదు. తప్పంతా వాళ్ళ నాన్నది, అంటే మా బావది. జరిగింది జరిగినట్టు చెబుతాను, తీర్పు మీరే చెప్పండి.

ఎనభైల చివర్లో బావా నేనూ ఒమాన్‌లో సమాయిల్ దగ్గర రోడ్డు పనిలో ఉండేవాళ్ళం. బావ ఏడో తరగతితో బడికి దండం పెట్టిన మనిషి. నేనలా కాదు. ఇంటర్ బైపీసీ పాసై, మెడిసిన్ ఎంట్రెన్సు రెండుసార్లు రాసి, రెండుసార్లూ సీటు రాక పార పట్టినవాణ్ణి. పగలంతా ఎండలో కంకర ఎత్తినా, సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా క్యాంపు క్లినిక్‌లో నాకు డ్యూటీ ఉండేది. కట్లు మార్చడం, జ్వరం చూడటం, మందులు సర్దడం. నా బైపీసీ సంగతి విని, హైదరాబాదు నుంచి వచ్చిన మా డాక్టర్ సాబ్ ఏరికోరి ఇప్పించిన డ్యూటీ. ఆ రెండు గంటలు నేను కూలీని కాదు. పొద్దున నన్ను నానా మాటలన్న మేస్త్రీ కూడా సాయంత్రం వరసలో నిలబడి, "భాయ్, జర మెల్లగ" అని చేయి చాపేవాడు. కట్టు కట్టినవాడు అక్కడున్న రిజిస్టర్లో తన పేరు రాయాలి. ఆ పేరు రాసేటప్పుడు నా చేతిరాత గుండ్రంగా వచ్చేది.

ఇలా ఉండగా కంపెనీ ఒక నోటీసు అంటించింది. మస్కట్‌లో పెద్దాస్పత్రిలో ఏడాది ట్రైనింగు, తిరిగొచ్చాక క్లినిక్‌లో డాక్టరుకు అసిస్టెంటు, తెల్లకోటు. పంపేది ఒక్కణ్ణే. ఇంటర్వ్యూ ఆరు నెలల తర్వాత. అక్కడే నిలబడి మళ్ళీ మళ్ళీ చదివాను. రెండుసార్లు నా ముఖం మీద మూసుకున్న తలుపు ఇక్కడ కొంచెం తెరుచుకుంది. ఇది కూడా పోతే ఇక జన్మంతా పారే.

మా రూమ్‌లో పట్టా భాయ్ అని కడప ఆయన ఉండేవాడు. సర్టిఫికెట్లంటే పిచ్చి కాబట్టి ఆ పేరు పెట్టాం. ఆఫీసులో ఫైళ్ళు మోసే పని ఆయనది. మోసేవాడికి లోపలున్నది కూడా తెలిసిపోతుందని ఆయన నమ్మకం, మా ఖర్మ కొద్దీ మా నమ్మకం కూడా అదే. "ఒట్టి ఇంటరుకు ఎవురిస్తారప్పా? ఫైలు లావుగా ఉండల్ల. మూడు సర్టిఫికెట్లు చేర్చు, మస్కట్ నీదే" అన్నాడు. వెంటనే ఇండియాకు జాబులు రాసి మూడు పోస్టల్ కోర్సుల్లో చేరాను. శరీర నిర్మాణం ఒకటి, ఇంగ్లీషు ఒకటి, ఆరోగ్య పరిపాలన ఒకటి. (ఆ మూడోది ఏమిటో ఇప్పటికీ నాకు తెలియదు. సర్టిఫికెట్ మాత్రం ఉంది.)

మరి చదవడానికి టైము? పగలు కంపెనీది, మిగిలింది సాయంత్రమే. అందుకని క్లినిక్ డ్యూటీ తీసి బావ చేతిలో పెట్టాను. "నాకేమొస్తదిరా బామ్మర్ది? నెత్తురు జూస్తెనే కండ్లు తిరుగుతయ్" అని బతిమాలాడు. "కండ్లు మూసుకొని కట్టు బావా, ఆర్నెల్లే గదా" అన్నాను. డాక్టర్ సాబ్ కళ్ళద్దాల పైనుంచి నన్నొకసారి చూసి, సరే అన్నట్టు తలూపాడు. ఆ చూపుకు అర్థం అప్పుడే చెప్పి ఉంటే ఆయన సొమ్మేం పోయేది?

ఇక నా తపస్సు చూడాలి. శుక్రవారం మటన్ వండితే బొక్కలు ఎవరూ పారేయకూడదని రూమ్‌లో రూలు పెట్టాను. కడిగి, ఎండబెట్టి, మంచం మీద పేర్చి పేర్లు వల్లెవేసేవాణ్ణి. తలుపుకు అంటించిన అస్థిపంజరం పటం మీద రూమ్‌వాళ్ళు తడి తువ్వాళ్ళు ఆరేస్తే, పక్కటెముకలు కనబడటం లేదని పోట్లాడేవాణ్ణి. ఏడింటికి బావ మందుల వాసనతో వచ్చి, "గా వడ్రంగి చెయ్యి ఎట్లయిందనుకున్నవ్..." అని మొదలుపెడితే, "చదువుకునేటోణ్ణి డిస్టర్బ్ చెయ్యకు" అని కసిరేవాణ్ణి.

ఇంటర్వ్యూకు పది రోజుల ముందు పిడుగులాంటి వార్త. దరఖాస్తు పెట్టింది నేనొక్కణ్ణే, కనీసం ఇద్దరుంటే తప్ప ఇంటర్వ్యూ పెట్టరట. నా మూడు సర్టిఫికెట్ల సంగతి విని మిగతావాళ్ళు జంకారు. ఏం చేయాలి? బావను కూర్చోబెట్టి, "ఊరికె లెక్కకు నిలబడు బావా" అని ఫారం నేనే నింపాను. అనుభవం అన్న గడిలో ఏం రాయాలో తోచక "క్లినిక్‌లో ఆరు నెలలు" అని ఇంగ్లీషులో రాశాను. నా చేత్తో! నా పెన్నుతో!

ఇంటర్వ్యూ రోజు మేనేజరు, డాక్టర్ సాబ్ కూర్చున్నారు. నేను లావుపాటి ఫైలు పెట్టాను. డాక్టర్ సాబ్ తిరగేసి "బహుత్ అచ్ఛా" అని పక్కకు జరిపి, క్లినిక్ రిజిస్టర్ ముందుకు లాక్కున్నాడు. "పుండు మానుతుందా లేదా ఎట్ల తెలుస్తది?" అని అడిగాడు. గాయం మానే దశలన్నీ నేను గుక్క తిప్పుకోకుండా ఇంగ్లీషులో అప్పజెప్పాను. ఆయన ఓపిగ్గా విని బావ వైపు తిరిగాడు.

"కట్టు విప్పంగనే వాసన జెప్తది సాబ్," అన్నాడు బావ భయపడుతూనే. "తీపి వాసనొచ్చి పచ్చగ కారిందంటె మీకు చెప్పాలె. వడ్రంగిది గట్లనే ఉంటె మిమ్ముల పిలిచిన గద. ఇప్పుడు మంచిగున్నడు. కాని కట్టు మార్చేటప్పుడు ఆయన బిడ్డ ముచ్చట అడగాలె, లేకుంటె చెయ్యి గుంజుకుంటడు."

వాసన! మూడు కోర్సుల్లో ఏ పుస్తకంలోనూ వాసన లేదే! సీటు బావకిచ్చారు. నేను ఊరుకున్నానా? "సాబ్, అది నా డ్యూటీ! నేనిస్తెనే ఆయనకు వచ్చింది!" అని అరిచాను. డాక్టర్ సాబ్ రిజిస్టర్ నా వైపు తిప్పాడు. "మియా, ఆరు నెలల్ల నీ పేరు ఒక్కపారి గూడ లేదు. బొక్కల పేర్లు మస్కట్ల నేర్పిస్తరు. మనిషి చెయ్యి పట్టుకునుడు ఎవరు నేర్పించాలె?" అన్నాడు. ఫైలు చంకన పెట్టుకుని విసురుగా బయటికొచ్చాను. పట్టా భాయ్ ఓదార్పు ఇంకా ఘోరం: "నాలుగో సర్టిఫికెట్ పెట్టుంటే వచ్చేదప్పా!"

అసలు అన్యాయం ఆ తర్వాత మొదలైంది. మస్కట్‌లో హమ్రియా అనే పేటలో రూమ్ తీసుకుని ట్రైనింగులో చేరిన బావ మొదటి శుక్రవారమే బస్సెక్కి సమాయిల్ వచ్చాడు. చేతిలో మటన్ సంచి. కళ్ళనిండా నీళ్ళు. "నాకు ఒక్క ముక్క సమజైతలేదురా. నువ్వు చెప్పకుంటె నన్ను ఎనుకకు పంపుతరు. బొక్కలు తెచ్చిన, చెప్పు" అన్నాడు. వెళ్ళగొడదామనుకున్నాను. చెయ్యి మాత్రం నా మాట వినకుండా సంచి అందుకుంది. ఏడాది పొడుగునా శుక్రవారం శుక్రవారం తిట్టుకుంటూ నేర్పాను. ఆయన పాసయ్యాడు. తెల్లకోటు మా క్యాంపుకు వచ్చింది, నా ఒంటిమీదికి కాదు.

ఈలోగా సాయంత్రం డ్యూటీ నేను మళ్ళీ అడిగి పుచ్చుకున్నాను. కంపెనీ ఇంకెవర్నీ మస్కట్ పంపలేదు, రోడ్డు పని అయిపోయి మేమంతా చెదిరిపోయాం. అయినా వచ్చేముందు చూసుకున్నాను, రిజిస్టర్లో ఆ చివరి పేజీలన్నిటా నా పేరే.

"మామా, లైన్ల ఉన్నవా? మరి చదవద్దంటవా?" అని మేనకోడలు ఫోన్లో అడుగుతూనే ఉంది. వెనకాల బావ గొంతు, "వానికే ఎరుక బిడ్డా, నాకు చదువు చెప్పింది వాడే" అంటోంది. మంచం మీద మటన్ బొక్కలు పేర్చుకుని, గుమ్మంలోకి వచ్చిన వడ్రంగి కథను కసిరి పంపిన ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

"చదువు తల్లీ, ఎంతన్న చదువు," అన్నాను. "కాని ఆస్పత్రిల నీ డ్యూటీ మాత్రం ఎవ్వరికీ ఇయ్యకు. మీ నాయనకు అసలే ఇయ్యకు."