నవాబ్‌గారి వందన సమర్పణ

సభలో వందన సమర్పణ చేసే మనిషిని ఎవరూ చూడరు. ఆయన మైకు ముందుకు వచ్చేసరికి జనం తలలు వంచుకుని కుర్చీల కింద చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. అలా వంగిన తలలకు పదేళ్ళకు పైగా ధన్యవాదాలు చెప్పిన మనిషి మా షేక్ నవాబ్‌గారు.

మా ఖగోళ క్లబ్బు గవర్నరుపేటలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ మేడమీద ఉండేది. ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం అక్కడ బహిరంగ ఉపన్యాసం. ఎవరైనా రావచ్చు, టిక్కెట్టు లేదు. ఉపన్యాసం అయ్యాక డాబా ఎక్కి టెలిస్కోపులో చూడవచ్చు. హాలు బసవయ్యగారిది. చల్లపల్లి వైపు రైసుమిల్లు ఉన్న ఆసామి, మంచి మనిషి. హాలుకు అద్దె తీసుకునేవారు కాదు. దానికి బదులు ప్రతి సభకూ అధ్యక్షత వహించేవారు. ఆ అద్దేదో తీసుకున్నా బాగుండేదని నేను చాలాసార్లు పళ్ళు కొరుక్కున్నాను. శనిగ్రహం మీద సభ పెడితే ఆయన బందరు కాలువలో నీటి ఎద్దడి దగ్గర ఎత్తుకుని, రొయ్యల చెరువుల మీదుగా, మిల్లులో కొత్తగా పెట్టిన బాయిలర్ దాకా వచ్చి, "ఇక శనిగ్రహం గురించి మన వక్తగారు రెండు ముక్కల్లో చెబుతారు" అని కూర్చునేవారు. వక్తలు నిజంగానే రెండు ముక్కల్లో చెప్పాల్సి వచ్చేది.

నవాబ్‌గారికి వన్‌టౌన్‌లో కళ్ళజోళ్ళ దుకాణం. మా టెలిస్కోపు ఆయన చేసిందే. పీవీసీ గొట్టం ఒకటి కోసి, దుకాణంలో మిగిలిన కటకాలు బిగించి తయారుచేశారు. క్లబ్బు మొదటి సభలో వందన సమర్పణకు ఎవరూ ముందుకు రాకపోతే, మైకు పక్కన కూర్చున్న పాపానికి ఆయన్ని లేపారు. ఆ రోజు లేచిన మనిషిని మళ్ళీ కూర్చోనివ్వలేదు. ఆయన కూడా ఆ పనిని నిష్ఠగా చేసేవారు. వక్తకు, అధ్యక్షులకు, టైపు మిషన్లు కాసేపు ఆపిన కింది ఇన్‌స్టిట్యూట్ వారికి, కరెంటు ఉంటే కరెంటు ఆఫీసుకు, పోతే కొవ్వొత్తికి, కురవనందుకు వానకు, అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు చెప్పేవారు. చివర్లో "అల్పాహారం అందించిన మిత్రులకు" అని ముగించేవారు.

ఆ మిత్రులు ఆయన భార్య ఆమినాబీగారు. ఉల్లిపాయ సమోసాలు బుట్ట నిండా చేసి తెచ్చి, పైన గుడ్డ కప్పి, చివరి వరసలో బుట్ట పక్కనే కూర్చునేవారు. తొలిరోజుల్లో సమోసాలు మధ్యలో పంచితే జనం తినేసి వక్త కళ్ళముందే మెట్లు దిగిపోయారు. అప్పటినుంచి వందన సమర్పణ పూర్తయితే గానీ బుట్ట మీద గుడ్డ తీయకూడదని కమిటీ తీర్మానించింది. ఆ తీర్మానాన్ని అమలు చేసింది ఆమినాబీగారు. బసవయ్యగారు అడిగినా గుడ్డ కదిలేది కాదు.

"తమ్ముడూ, ఈయన ప్రతినెలా చెప్పే ఆ మిత్రులెవరు? నాకెప్పుడూ కనబళ్ళేదే" అని ఆవిడ ఒకసారి నన్ను అడిగారు.

నవాబ్‌గారికి ఒకటే కోరిక. ఒక్కసారి, ఒక్క నెల, చంద్రుడి మీద ఉపన్యాసం ఇవ్వాలి. ఏటా కమిటీలో అడిగేవారు. ఏటా బసవయ్యగారు ఒకటే ప్రశ్న వేసేవారు.

"బానే ఉంది నవాబూ. నువ్వు మాట్లాడితే మరి వందన సమర్పణ ఎవరు చేస్తారయ్యా?"

"ఎవరో ఒకరు చేస్తారులెండి."

"ఆ ఎవరో ఒకరు చెయ్యెత్తండి చూద్దాం."

ఎవరి చెయ్యీ లేచేది కాదు. జనం చెప్పులు వెతుక్కుంటుంటే మాట్లాడడం ఎవరికి సరదా? "చూశావా? నువ్వే మాట్లాడి నువ్వే ధన్యవాదాలు చెప్పుకుంటే సభ్యతగా ఉండదు కదా" అని బసవయ్యగారు తేల్చేసేవారు. ఆ మాటకు ఎదురు చెప్పడం కమిటీలో ఎవరికీ చేతకాలేదు. నవాబ్‌గారు నవ్వుతూనే లేచేవారు. ఇద్దరం ఒకే దారిన ఇంటికి నడిచేవాళ్ళం కాబట్టి, ఆ నవ్వు రైలుకట్ట దాటేలోపే అయిపోయేదని నాకు తెలుసు. "ఒక్కసారి నోరారా చెప్పాలని ఉంది తమ్ముడూ" అనేవారు. నాకు బసవయ్యగారి మీద ఒళ్ళు మండేది.

ఇలా ఉండగా 2003లో ఒక ఆదివారం హైదరాబాదు నుంచి ఒక ప్రొఫెసర్‌గారిని కృష్ణబిలాల మీద మాట్లాడమని పిలిచాం. ఆయన టీవీలో కనిపించిన మనిషి కావడంతో హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక టైపు ఇన్‌స్టిట్యూట్ స్టూళ్ళు కూడా పైకి తెచ్చాం. ఆరు దాటింది గానీ ప్రొఫెసర్‌గారు రాలేదు. బసవయ్యగారు హుషారుగా అధ్యక్షోపన్యాసం మొదలుపెట్టారు. కాలువ అయింది. రొయ్యల్లో పడ్డారు. అంతలో ఆయన జేబులో సెల్‌ఫోన్ మోగింది. మైకు ముందే మాట్లాడారు.

"ఆఁ సార్... ఎక్కడా? కొండపల్లా? ఇంకేం, వచ్చేసినట్టే!"

రైలు కొండపల్లిలో ఆగిందట. కొండపల్లి ఎంత దూరం గనుక, కూతవేటు. జనం చప్పట్లు కొట్టారు. అవి తనకే అనుకుని బసవయ్యగారు బాయిలర్‌లోకి దిగారు. బాయిలర్ కూడా అయిపోయాక వెనక్కి తిరిగి చల్లపల్లిలో తన బాల్యానికి వెళ్ళారు. అక్కడినుంచి చిన్నప్పుడు జరిగిన టాన్సిల్స్ ఆపరేషన్‌కు వచ్చారు. డాక్టరు నోట్లో దీపం పెట్టి చూడడం వర్ణిస్తుండగా ఆయన గొంతు పూడిపోయింది. నోరు కదులుతోంది, మాట రావడం లేదు. పదేళ్ళలో నేను ఆయన ఉపన్యాసంలో ఆనందించిన ఘట్టం అదొక్కటే.

మళ్ళీ ఫోను మోగింది. ఈసారి నేను తీశాను. ఇంజను పాడయిందట, ఎప్పుడు కదులుతుందో తెలియదట. ఆ కబురు చెప్పగానే ముందు వరసలోంచి జక్కయ్యగారు లేచారు. రైల్వేలో రిటైరైన మనిషి, ప్రతి సభకూ వస్తారు, ఎందుకు వస్తారో దాచుకోరు.

"రైలు సంగతి నాకొదిలెయ్యండి, అది ఇప్పట్లో రాదు. వందన సమర్పణ కానిచ్చెయ్యండి. సమోసాలు చల్లారిపోతన్నాయి!"

హాలంతా అవునవునంది. బసవయ్యగారు చేత్తో నవాబ్‌గారికి సైగ చేశారు. నవాబ్‌గారు వచ్చి మైకు సరిచేసుకున్నారు. తలలు వంగాయి, చెప్పులు వెతకడం మొదలైంది.

"సభకు నమస్కారం. ముందుగా కొండపల్లి దాకా దయచేసిన ప్రొఫెసర్‌గారికి ధన్యవాదాలు. మన కోసం చివరిదాకా పోరాడిన అధ్యక్షులవారి గొంతుకు ధన్యవాదాలు."

అందరూ నవ్వారు. నవాబ్‌గారు ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇంకొక పెద్దమనిషి ఉన్నారండీ. మనం పిలవకపోయినా పదేళ్ళబట్టీ మన సభలకు వస్తున్నారు. నేను ఒక్కసారి కూడా ఆయన పేరు చెప్పలేదు. ఇప్పుడు కూడా మన డాబా మీదే నిలబడి ఉన్నారు. చంద్రుడుగారు. ఆయనకి నా ధన్యవాదాలు."

చెప్పు దొరికిన వాళ్ళు కూడా తల ఎత్తారు.

"ఎక్కడో మూడు లక్షల ఎనభై నాలుగు వేల కిలోమీటర్ల దూరం. కొండపల్లిలో ఆగిపోకుండా వచ్చినందుకు ధన్యవాదాలు. హంసలదీవి దగ్గర అంత సముద్రాన్ని రోజుకు రెండుసార్లు లేపి కూర్చోబెడతారు. ఇంత పని చేసి కూడా ఏనాడూ మైకు అడగలేదు. అందుకు ధన్యవాదాలు. మనకి ఎప్పుడూ ఒక వైపే చూపిస్తారండీ. తిరగరని కాదు, తిరుగుతారు. మన చుట్టూ ఒకసారి వచ్చేలోపు తన చుట్టూ తాను కూడా సరిగ్గా ఒక్కసారే తిరుగుతారు. అందుకని ఆయన వీపు మనకి కనబడదు. సభకి వీపు చూపించకూడదన్న మర్యాద తెలిసిన మనిషి."

అప్పుడు నాకు విషయం అర్థమైంది. ఇది వందన సమర్పణ కాదు, ఆయన ఇన్నేళ్ళుగా అడుగుతున్న ఉపన్యాసం. బసవయ్యగారికి కూడా అదే క్షణంలో అర్థమైనట్టుంది. వేలు పైకెత్తి నోరు తెరిచారు. గాలి తప్ప ఏమీ రాలేదు. నాకు ఈల వేయాలనిపించింది.

"పిల్లలు అన్నం తినకపోతే ప్రతి డాబా మీదికీ వస్తారు, ఒక్క ముద్ద ముట్టకుండా వెళ్ళిపోతారు. వినాయక చవితినాడు ఆయన మొహం చూడకూడదని తలుపులేసుకుంటారు. మర్నాడు ఏమీ మనసులో పెట్టుకోకుండా మళ్ళీ వస్తారు. ఆ పెద్దమనసుకు ధన్యవాదాలు. ఏడాదికి ఒకటిన్నర అంగుళం చొప్పున మనకి దూరంగా జరుగుతున్నారండీ. మన వాళ్ళలాగా సభ మధ్యలో కుర్చీ చప్పుడు చేసుకుంటూ లేచిపోవడం కాదు, ఎవరికీ తెలియకుండా, మెల్లిగా."

జక్కయ్యగారు కూర్చున్నారు.

"నా చిన్నప్పుడు రంజాన్ నెలాఖరున మా వీధిలో పెద్దలంతా నన్ను డాబా ఎక్కించేవారండీ. నాకు చూపు బాగా ఆనేది. సన్నటి గీత, ముందు నాకే కనబడేది. నేను వేలు పెట్టి చూపిస్తే వీధి వీధంతా ఆ వేలి వైపు చూసేది. నేను కనబడిందంటే మర్నాడు పండగ. ఎనిమిదేళ్ళ వాడి మాట అంతమంది విన్నారు. తర్వాత పెద్దయ్యాక నా మాట అంత శ్రద్ధగా ఎవరూ విన్లేదు. ఆ ఒక్క మాట నాతో చెప్పించినందుకు ఆయనకి ధన్యవాదాలు."

హాల్లో ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత నవాబ్‌గారు చంద్రుడి మీది గుంటలకు, అక్కడ పేరుకున్న దుమ్ముకు, కరెంటు బిల్లు లేకుండా వెలుగు పంపే సూర్యుడికి, గ్రహణం నాడు మధ్యలోకి వచ్చే మన భూమికి, వరసగా అన్నిటికీ ధన్యవాదాలు చెప్పుకుంటూ పోయారు. ఎంతసేపు చెప్పారో ఎవరూ చూసుకోలేదు. "సెలవు" అనగానే హాలు మారుమోగింది. బసవయ్యగారు కూడా చప్పట్లు కొట్టారు. చేతులకు ఏమీ కాలేదు కదా.

చప్పట్లు ఆగాక జక్కయ్యగారు మళ్ళీ లేచారు. "అంతా బానే ఉంది గానీ, ఇంతకీ వందన సమర్పణ అయినట్టా, కానట్టా?"

కమిటీ అక్కడికక్కడే తలలు దగ్గర పెట్టి చర్చించింది. చంద్రుడి గురించి ఇంతసేపు చెప్పాక అది ఉపన్యాసమే. ఉపన్యాసం అయితే వక్తకు ఎవరో ఒకరు ధన్యవాదాలు చెప్పాలి. చెప్పకపోతే గుడ్డ తీయడానికి లేదు. బసవయ్యగారు సభ వైపు తిరిగి ఎవరు అన్నట్టు చెయ్యి తిప్పారు. పాత చిక్కే మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఎవరి చెయ్యీ లేవలేదు. నవాబ్‌గారు అలవాటు కొద్దీ మైకు పట్టుకుని "ఇప్పటిదాకా చక్కగా ప్రసంగించిన వక్తగారికి" అని, అది తానేనని గుర్తొచ్చి, సిగ్గుపడి వదిలేశారు.

అప్పుడు చివరి వరసలో ఆమినాబీగారు లేచారు. బుట్ట చంకన పెట్టుకునే నడిచి వచ్చి, దాన్ని అధ్యక్షులవారి బల్ల మీద పెట్టారు. మైకు ఆవిడకు అందలేదు. అవసరం కూడా పడలేదు.

"సభకు నమస్కారం. ముందుగా ఉల్లిపాయలు తరిగిన ఆమినాబీకి ధన్యవాదాలు. పిండి కలిపిన ఆమినాబీకి ధన్యవాదాలు. ఈ బుట్ట మోసుకొచ్చిన ఆమినాబీకి ధన్యవాదాలు. మిత్రులు మిత్రులు అంటారు కదా, ఆ మిత్రుల్ని నేనే."

జనం విరగబడి నవ్వారు. నవాబ్‌గారు నేలచూపులు చూశారు.

"అధ్యక్షులుగారూ, మిరియాల పాలు తాగండి. తొందరేం లేదు, మెల్లిగానే తగ్గనివ్వండి. ఇంకోటండీ. ఈ చంద్రుడి సంగతులు ఈయన ఇంట్లో రోజూ చెబుతారు. నేను కూరలు తరుక్కుంటా వింటా. ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే విన్నా. ఇవాళ మీరంతా కూర్చుని విన్నారు, లేచిపోలేదు. అందుకని మీ అందరికీ..." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు. "మీ అందరికీ నా ధన్యవాదాలు. ఇంక తినండి."

గుడ్డ తీశారు.

"మరి వక్తగారికి చెప్పలేదేంటమ్మా?" అన్నారు జక్కయ్యగారు, సమోసా అందుకుంటూ.

"ఆయనకా? ఇంటికెళ్ళాక చెబుతాలే అన్నయ్యా."

ప్రొఫెసర్‌గారు ఆటోలో వచ్చేసరికి బుట్టలో పొడి మిగిలింది. ఆయన డాబా ఎక్కి, క్యూలో నిలబడి, పీవీసీ గొట్టంలోంచి చంద్రుణ్ణి చూసి వెళ్ళిపోయారు.

మరుసటి నెల కమిటీ వందన సమర్పణను ఏకగ్రీవంగా ఆమినాబీగారికి అప్పగించింది. సభకు తయారుకావాలి కాబట్టి ఇక వంట తన వల్ల కాదని ఆవిడ చెప్పేశారు. ఆ నెల చివరి వరసలో బుట్ట పక్కన నవాబ్‌గారు కూర్చున్నారు. కాలిన వేళ్ళకు బర్నాల్ పూసుకుని ఉన్నారు. ఆమినాబీగారు మైకు దగ్గర నిలబడి అందరికీ పేరుపేరునా చెప్పి, చివర్లో ఇలా అన్నారు:

"సమోసాలు మాడ్చిన షేక్ నవాబ్‌గారికి ధన్యవాదాలు."

నవాబ్‌గారు బుట్ట పక్కనుంచి లేచి నిలబడి, నాలుగు వైపులా తిరిగి సభకు నమస్కారం పెట్టారు. మా క్లబ్బులో ఆయన పేరు పెట్టి ఎవరైనా ధన్యవాదాలు చెప్పడం అదే మొదటిసారి.