వెనక్కి తిప్పకుండా ధర్మవరం దాకా

హిందూపురం నుంచి ధర్మవరానికి కారులో రెండు గంటల దారి. ఈ ఏడాది రెండుసార్లు బయలుదేరాను. రెండుసార్లూ పెనుకొండ దాటలేక తిరిగొచ్చాను. కారులో లోపం లేదు. నాకు ఓసీడీ అనే మానసిక జబ్బు ఉంది. చక్రం కింద చిన్న కుదుపు వస్తే చాలు, ఎవరినో గుద్దేశానేమో అన్న అనుమానం పట్టుకుంటుంది. వెనక్కి వెళ్ళి చూస్తాను. రోడ్డు ఖాళీగా ఉంటుంది. తిరిగి వస్తుంటే ఇంకో కుదుపు. నా భార్య పద్మ ఉన్నన్నాళ్ళూ పక్క సీట్లోంచి ఏమీ కాలేదని చెప్పేది. ఆ ఒక్క మాట మీద ఎన్నో ఊళ్ళు తిరిగాం. పోయినేడు ఆమె పోయింది. ఆ భరోసాయే ఇన్నేళ్ళూ నా జబ్బుకు తిండి పెట్టిందని బెంగళూరు డాక్టరు అన్నారు. వినడం కష్టమైంది. ఇక ఎవరినీ అడగొద్దు, బండి తిప్పొద్దు, అనుమానాన్ని అలాగే ఉండనివ్వమన్నారు.

ఈసారి చేరక తప్పదు. ధర్మవరంలో ఉండే మా అమ్మాయి శిరీషకు ఏడో నెల. అల్లుడు డ్యూటీ మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. మధ్యాహ్నం రెండింటికి అనంతపురంలో స్కానింగు. నేను తీసుకెళ్తానన్నాను. పన్నెండుకల్లా రాకపోతే బాడుగ కారు పిలుచుకుంటానని, ఏమీ అనుకోవద్దని చెప్పింది. ఆ మర్యాదే గుచ్చుకుంది.

తొమ్మిదికి బయలుదేరాను. సోమందేపల్లిలో స్పీడు బ్రేకర్లు ఎక్కువ. కుదుపు వాటిదేనని కూడా నమ్మలేను. హైవే ఎక్కాక లారీల వరస. పెనుకొండలో టిఫినుకు ఆగాను. ఉగ్గాని, రెండు బజ్జీలు నలభై రూపాయలు. కొండ మీది కోట చూసేందుకు వచ్చానేమో అనుకుని, ఎండెక్కాక కొండ జోలికి పోవద్దని హోటలామె హెచ్చరించింది. వెళ్ళదలచినవారు ఏడింటికల్లా ఎక్కడం మొదలుపెట్టండి.

పెనుకొండ నుంచి హైవే మీదే పోయి చెన్నేకొత్తపల్లి దగ్గర ధర్మవరం వైపు తిరగాలి. అటుపైన రెండు వైపులా వేరుశెనగ చేలు. అక్కడ ఎడమ చక్రం ఎగిరిపడింది. అద్దంలో రోడ్డు పక్కన తెల్లగా ఏదో కనిపించింది. గోనెసంచి కావచ్చు. పంచె కావచ్చు.

బండి తిప్పలేదు. కానీ కాస్త ముందున్న పంక్చర్ షాపు దగ్గర ఆపాను. గాలి కోసమే ఆపానని నాకు నేనే చెప్పుకున్నాను. షాపాయన పేరు మస్తాన్, అరవై దాటి ఉంటాయి. గాలి పడుతుంటే, ఈ దారిలో ప్రమాదాలు జరుగుతుంటాయా, ఇప్పుడు వెనక నుంచి ఎవరైనా పరుగెత్తుకుంటూ వచ్చారా అని మామూలుగా అడిగినట్టు అడిగాను. ఆయన చేయి ఆగింది.

"ఎవురినన్నా గుద్దొచ్చినావేమప్పా?"

"తెలియదు," అన్నాను.

ఆయన వంగి బంపరు మీద వేలు రాసి చూశాడు. లోపలి నుంచి ఆయన భార్య వచ్చి నిలబడింది. దుమ్మే ఉండాదన్నాడు గానీ, చూపు నా ముఖం మీదే ఉంది.

"బండి తిప్పు. నేనూ వస్తా, చూసొస్తాం. నీ మనసుకూ బాగుంటాది."

నాకు కావలసింది సరిగ్గా అదే. పక్క సీట్లో ఒక సాక్షి. టైము పదకొండుంపావు. వద్దన్నాను, అవతల కూతురు ఎదురుచూస్తోందన్నాను.

"ఏం చేయకుంటే చూసొచ్చేకి భయమేమంట?" అంది ఆమె, భర్తతో అన్నట్టుగా.

ఆయన ఫోను తీసి నా ఎదుటే నంబరు ప్లేటు ఫొటో తీసుకున్నాడు. ఆయన చోట నేనున్నా అదే చేసేవాణ్ణి. జబ్బు సంగతి చెప్పబోయి ఆగాను. చెప్పడమంటే మళ్ళీ భరోసా అడగడమే. గాలికి ఇరవై ఇచ్చి స్టీరింగు పట్టుకున్నాను. బండిని ముందుకే పోనిచ్చాను.

పన్నెండుకు ఇంకాసేపు ఉందనగా మా అమ్మాయి ఉండే వీధికి చేరాను. ఇళ్ళలో మగ్గాల చప్పుడు. శిరీష గేటు దగ్గర ఫోను చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. నా ముఖం చూసింది.

"దావలో ఏమన్నా అయిందా నాయనా?"

"అయిందో లేదో తెలియదమ్మా."

ఏదో అనబోయింది. ఒకసారి నాతో డాక్టరు దగ్గరికి వచ్చింది గనక ఏమనకూడదో తెలుసు. పక్క సీట్లో కూర్చుని, బెల్టు పొట్ట కిందుగా సర్దుకుంది. అనంతపురం రోడ్డు పట్టాం.

ఆ తెల్లటిది ఏమిటో ఇప్పటికీ తెలియదు. తెలియని నంబరు నుంచి ఫోను వస్తే పోలీసులేమో అనుకుంటాను. ఇది రాస్తూ ఆ రోజు ప్రమాద వార్తలు వెతకబోయి ఫోను పక్కన పెట్టాను. పద్మ ఉంటే ఒక్క మాటతో తేల్చేసేది. ఇక తేల్చేవారు లేరు. తేలకుండానే కూతుర్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఇంటికి చేర్చాను. వచ్చే నెల కూడా నన్నే రమ్మంది.

నాలాంటి జబ్బుతో బండి నడిపేవారికి ఒక్క సలహా: ఎక్కడెక్కడ ఆగాలో ఇంట్లోనే నిర్ణయించుకోండి, గాలి, పెట్రోలు ఊళ్ళోనే కొట్టించుకోండి. దారిలో ఇంకెక్కడైనా ఆగాలనిపిస్తే, ఇంట్లో అనుకున్న చోటి దాకా పోయాకే ఆగండి.