బాబాయి, అమ్మ, మందుల డబ్బా

మా బాబాయి ఎవరింటికి వెళ్ళినా ముందు మంచినీళ్ళు అడగడు, మందుల డబ్బా అడుగుతాడు. రైల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం ఆయనది. చుట్టాలిళ్ళలోనూ అదే వరస. ఒక్కో మాత్రల స్ట్రిప్పూ తిప్పి తేదీ చూసి, "నీ గడువు అయిపోయింది, దిగు" అని చెత్తబుట్టలో పడేస్తాడు.

చుట్టాలు ఊరుకుంటారా? ఆయన వస్తున్నాడంటే నగలు బల్లమీద వదిలేసి మందుల డబ్బా బీరువాలో దాచేవారు. అయినా వదిలేవాడు కాదు. డబ్బా పొయ్యి పక్కన కనిపిస్తే, "మాత్రలు వేపుడు చేస్తున్నారా?" అనేవాడు. స్నానాల గదిలో ఉంటే, "వీటికీ తలంటి పోస్తారా?" అనేవాడు. థర్మామీటరు, దూది, కట్టుగుడ్డ, కాలిన గాయాల మందు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తన సంచిలోంచి తీసి నింపి, పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టిగానీ కదిలేవాడు కాదు.

ఆయనకు లొంగని మనిషి మా అమ్మ ఒక్కతే. ఇంట్లో బట్టలు కుడుతుంది. ఒకరోజు బాబాయి వస్తున్నాడని తెలిసి డబ్బాకు తాళం వేసి, తాళంచెవి కుట్టుమిషను సొరుగులో పడేసి, దానికి అడ్డంగా కూర్చుంది.

"నా డబ్బా జోలికి రాకు."

"వస్తాను వదినా. పోయినసారి నేను పెట్టిన తలనొప్పి మాత్రలు ఎన్ని మిగిలాయో చూపించు, వెళ్ళిపోతాను."

"చూపించను."

"అయితే కదలను," అని గుమ్మంలో బైఠాయించాడు.

సాయంత్రానికి అమ్మే విసిగి తాళంచెవి ఆయన మీదికి విసిరింది. డబ్బా తెరిచి చూస్తే తలనొప్పి మాత్రల స్ట్రిప్పులన్నీ ఖాళీ.

"ఎవరికింత తలనొప్పి?"

"నాకే. సూదిలో దారం ఎక్కించేసరికి తల పగిలిపోతోంది. అయితే ఏంటి? కళ్ళజోడు మాత్రం పెట్టుకోను. చూపు ఆననిదానికి గుడ్డ ఎవరిస్తారు?"

"అని మాత్రలు మింగుతూ కూర్చుంటావా? పద, కళ్ళ డాక్టరు దగ్గరికి."

"రాను."

"రాకపోతే రేపూ ఇక్కడే ఉంటాను. మూడుపూటలా అన్నం నువ్వే పెట్టాలి."

బాబాయి తిండి సంగతి అమ్మకు తెలుసు. చెప్పులేసుకుంది.

డాక్టరు రాసిచ్చిన కొత్త కళ్ళజోడు పెట్టుకుని కళ్ళజోళ్ళ దుకాణం బయటికి రాగానే అమ్మ ఆగిపోయింది. బాబాయి వేసుకున్నది తను కుట్టిన చొక్కానే. జేబు ఓ పక్కకు ఒరిగిపోయింది. కాజాలకూ గుండీలకూ పొంతనే లేదు.

"ఇదేంటయ్యా, ఇన్నాళ్ళూ దీన్నెలా వేసుకు తిరిగావు? నాకు చెప్పొద్దూ?"

"చెబితే ఒప్పుకునే మనిషివా? అందుకే మాత్రల సంగతి చూద్దామని వచ్చాను."

"విప్పి ఇటివ్వు. సరిచేస్తాను."

"ఇవ్వను. రైల్లో అందరూ ఎవరు కుట్టారని అడుగుతున్నారు."

అమ్మ ముఖం మాడిపోయింది. "ఏం చెప్పావు?"

"నేనే కుట్టుకున్నానని చెప్పాను," అన్నాడు బాబాయి.