దయాకర్ జీపులో మొగ దాకా: తక్కువ ఖర్చులో ఇసుక దారికి బండిని సిద్ధం చేసుకున్న సంగతి

ఈ పేజీలో ఇంతకు ముందు రాసింది మా అబ్బాయి దయాకర్. వారమంతా రొయ్యల చెరువులకు మేత బస్తాలు మోసే పాత జీపును ఆదివారం ప్రార్థన అయ్యాక సముద్రం ఒడ్డున ఇసుకలో తిప్పేవాడు. దానికి తక్కువ ఖర్చులో ఏమేం చేయించాడో ఫోటోలు తీసి ఇక్కడ పెట్టేవాడు. ఫిబ్రవరిలో వాడు నీళ్లలో పోయాడు. ఆ సంగతి తెలియని వాళ్లు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు, అన్నా టైర్లు ఎక్కడ కొన్నావు, మైపాడు నుంచి మొగ దాకా బండి పోతుందా అని. నేను వాడి తల్లిని. చదివింది అయిదో తరగతి. అక్టోబరు చివర అదే జీపులో అదే దారిన పోయి వచ్చాను గనుక నాకు తెలిసింది రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

కాలువ వచ్చి సముద్రంలో కలిసే చోటును మేము మొగ అంటాం. మైపాడు నుంచి ఉత్తరంగా ఒడ్డు పట్టుకుని పోతే వస్తుంది. నీళ్లు దాటాలంటే దయాకర్ బండిని ఇవతలే ఆపి, ముందు తాను దిగి లోతు ఎంతుందో నడిచి చూసేవాడు. ఆ రోజూ అట్లాగే దిగాడు. నడుము లోతు నీళ్లలో నిలబడి ఒడ్డున ఉన్న జాలర్లకు చెయ్యి ఊపాడట. మళ్లీ చూస్తే లేడు. పోలయ్య అనే జాలరి, వాడికి అక్కడ పరిచయమైనవాడు, తన వాళ్లతో పడవలు వేసుకుని రోజుల తరబడి వెతికాడు. దొరకలేదు. జీపు మాత్రం ఇంటికి వచ్చింది.

నవంబరు మొదట్లో మాకు సమాధుల పండుగ. అంతకు ముందే మా ఇందుకూరుపేట పక్క క్రైస్తవులంతా తమ వాళ్ల సమాధుల దగ్గర గడ్డి పీకి, సున్నం కొట్టుకుంటారు. పండుగ నాడు పూలు పరిచి కొవ్వొత్తులు పెడతారు. ఈసారి పక్కింటి రూతమ్మ సున్నం కొనడానికి పోతూ అలవాటు కొద్దీ గుమ్మం దగ్గర ఆగింది. “అక్కా, నీక్కూడా ఒక బస్తా తెమ్మంటావా?” అంది. అన్నాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది. నేను సున్నం వేయడానికి ఏముంది? ఆ మధ్యాహ్నమే మేస్త్రీ దగ్గరికి పోయి సిమెంటుతో ఒక సిలువ పోయమన్నాను. లోపల ఇనప కడ్డీలు, నా నడుమెత్తు, మధ్యలో దయాకర్ అని పేరు. వాడు చివరిసారి నిలబడిన ఒడ్డున దాన్ని నాటాలని నా కోరిక. ఏడాదికి ఒకసారి పోయి సున్నం కొట్టుకోవడానికి నాకూ ఒక చోటు ఉండాలి గదా.

పోలయ్య ఫోనులో, “పడవలో తీసకపోతాం రామ్మా” అన్నాడు. నేను పడవ ఎక్కనన్నాను. ఆ నీళ్ల మీద కూర్చోవడం నా వల్ల కాదు. ఇక మిగిలింది జీపు.

జీపు ఇప్పుడు తోలేది రమణయ్య. మా వీధివాడే, మేత బస్తాలు వేస్తాడు, ఆ కిరాయితోనే నా ఇల్లు గడుస్తోంది. ఇద్దరం గుమ్మం పక్క చెక్క బల్ల మీద కూర్చుని మాట్లాడుకున్నాం. ఆ బల్ల చెక్క జీపు సీటు వెనకాల ఉండేది, అరచేతి మందం, బాగా బరువు. దయాకర్ పోయిన వారం పలకరించడానికి వచ్చే వాళ్లకు కుర్చీలు చాలక, దాన్ని దించి రెండు సిమెంటు దిమ్మెల మీద పరిచాను. అప్పటి నుంచి అక్కడే ఉంది. “రోడ్డు మీదయితే మద్రాసు దాకా కళ్లు మూసుకోని పోతాను. ఇసకలో ఎప్పుడూ తోల్లేదక్కా,” అన్నాడు రమణయ్య. “నేనూ ఎప్పుడూ కొడుకును పోగొట్టుకోలేదు,” అన్నాను.  మర్నాడు బండిని నెల్లూరులో మస్తాన్ షెడ్డుకు తోలాడు.

మస్తాన్ దయాకర్ బండిని మొదటి నుంచి చూసిన మెకానిక్. వెనక టైర్లు వెడల్పువి, గాలి పీల్చే గొట్టం పైకప్పు దాకా లేపడం, ఇవి మా వాడు బతికుండగానే చేయించుకున్నాడు. ముందు టైర్లు, బరువు మోసే కమానులో విరిగిన పట్టీ, ముందు వైపు కొక్కెం మిగిలిపోయాయి. గుబ్బలు తేలిన టైర్లు చూసి రమణయ్య ముచ్చటపడితే మస్తాన్ వేయనివ్వలేదు. “అవి బురదకయ్యా. ఇసకని గోకి గుంట చేస్తాయి. ఇసకకి వెడల్పు కావాల,” అన్నాడు. సగం అరిగిన వెడల్పు టైర్లు రెండు తొమ్మిది వేలకు ఇప్పించాడు. కమానులో పాత ఇనప కొట్లో దొరికిన పట్టీ వేశాడు. కింద తుప్పు గీకి నల్ల రంగు పూశాడు. ఉప్పు గాలికి మా పక్క బండ్లు కింది నుంచే చస్తాయి. లైట్లు, ముందు ఇనప గార్డు గురించి అడిగితే, “అవి ఫోటోలకి. లాగేదానికి కొక్కెం ముందు పెట్టించుకోమ్మా,” అని ఛాసిస్‌కు మందపాటి కొక్కెం వెల్డింగ్ చేశాడు. తాడు కోసం బజారుకు పోనక్కర్లేదు, పడవలకు కట్టే నైలాన్ తాడు చాలన్నాడు. అన్నీ కలిపి పదహారు వేల లోపే అయింది. మీ బండి రోజూ పనికి పోయేదయితే ఇంతకంటే ఎక్కువ చేయించబాకండి. సోమవారం మళ్లీ బస్తాలు మోయాలి గదా.

ఇంకొకటి మస్తాన్ చూపించాడు. మామూలు గేరు కడ్డీ పక్కన పొట్టి కడ్డీ ఒకటి ఉంది. అది వేస్తే నాలుగు చక్రాలూ లాగుతాయి. “ఏమయ్యా, ఇన్నాళ్లూ ఇదెందుకనుకున్నావు?” అని రమణయ్యను అడిగాడు.

“అన్నం క్యారేజీ తగిలించుకునేదానికి,” అన్నాడు రమణయ్య. షెడ్డులో వాళ్లంతా నవ్వారు. దయాకర్ ఉంటే వాడూ నవ్వేవాడు, అందరికంటే గట్టిగా.

ముసురు తెరిపి ఇచ్చిన శనివారం తెల్లవారగానే బయలుదేరాం. సిలువను నలుగురు ఎత్తి వెనకాల గోనె సంచుల మీద పడుకోబెట్టారు. రోడ్డు మీద గాలి కొట్టే షాపు దగ్గర రమణయ్య ఆపి, “వెనక బరువుండాది, ఇంకో నాలుగు పాయింట్లు గట్టిగా కొట్టు,” అన్నాడు. బస్తాలు వేసిన ప్రతిసారీ అతను చేసే పనే. బరువు ఎక్కితే గాలి పెంచాలి, మా వాళ్లందరికీ తెలిసింది అదే. నేనూ దిగి టైర్లు తన్ని చూశాను. రాయిలాగా ఉన్నాయి. బాగుందనుకున్నాను.

నెల్లూరు నుంచి వచ్చేవాళ్లకు మైపాడు గంట లోపు దారి, మాకు అరగంట. బీచికి ముందు ఒక పాకలో కారం దోసె తిన్నాం, ఇద్దరికీ నూట ఇరవై అయింది. దోసెలు పోసే ఆమె జీపు వెనక్కి తొంగి చూసింది.

“ఎవరికక్కా సిలువ?”

“నా కొడుక్కి.”

 ఆమె నా ఆకులో ఇంకో దోసె వేసి, “తినక్కా, వట్టి కడుపుతో పోబాకండి. వానలకి మొగ దగ్గర ఇసక తడి మీద తడిగా ఉండాది, నిదానంగా పోండి,” అంది. తిన్నాను. వాడు పోయినాక ఏది తిన్నా ఒకటే రుచి. ఆ పూట కారం మాత్రం కళ్లలోకి ఎక్కింది, అది మేలయింది, ఏడుస్తున్నానని ఎవరూ అనుకోలేదు.

తారు రోడ్డు అయిపోయాక ఎడమకు తిరిగితే సరుగుడు తోపుల పక్కన మట్టి బాట. అక్కడిదాకా ఏ బండయినా పోతుంది. తోపు దాటాక ఇసుక మొదలవుతుంది. రమణయ్య పొట్టి కడ్డీ వేశాడు. జీపు మూలుగుతూ కదిలింది. ఎర్ర పీతలు బండి ముందు చెదిరి బొరియల్లోకి దూరాయి. పొడి ఇసుకలో రెండుసార్లు చక్రాలు గిరగిరా తిరిగి ఎట్లాగో లేచాయి. అప్పుడన్నా ఆగి ఆలోచించి ఉండాల్సింది. నీటి అంచున తడి ఇసుక గట్టిగా కనిపించేసరికి రమణయ్య అటు దించాడు. నిజంగానే కాసేపు రోడ్డు మీద పోయినట్టే ఉంది. ఎదురుగా మొగ కనిపించింది. కాలువ నీళ్లు మట్టి రంగులో వచ్చి సముద్రంలో కలుస్తున్నాయి. వాడు చెయ్యి ఊపింది అక్కడే. నేను చూస్తూ ఉండగానే జీపు కుడి వైపుకు ఒరిగి, ఇరుసు దాకా కూరుకుపోయింది.

రమణయ్య ఎంత తొక్కితే అంత దిగింది. అలలు ఒక్కొక్కటీ ఇంకొంచెం దగ్గరికి వస్తున్నాయి. దూరం నుంచి చూసి పోలయ్య, ఇంకో ముగ్గురు పరిగెత్తుకొచ్చారు. పోలయ్య ముందు టైరు మీద చెయ్యి వేసి చూశాడు.

“ఏందన్నా ఇది, ఇంత గాలేందీ? మీ దయాకర్ అన్న ఇసకలోకి దిగంగానే చేసే మొదటి పని గాలి తీసేది. పుల్ల గుచ్చి బుస్సుమని వదిలేవోడు. టైరు మెత్తబడి పరుచుకుంటేనే గదా ఇసక మీద నిలిచేది.”

“బరువుండాదని కొట్టించినానే,” అన్నాడు రమణయ్య. 

సీటు కింద చిన్న కరెంటు పంపు ఎందుకుందో నాకు అప్పుడు అర్థమైంది. ఇసుకలో తీసేసిన గాలిని రోడ్డెక్కాక మళ్లీ నింపుకోవడానికి. వాడి వస్తువులన్నీ తుడిచి తుడిచి పెట్టాను గానీ ఒక్కదాని సంగతీ నాకు తెలియదు.

గాలి తీశారు. అప్పటికే ఆలస్యమైంది, బండి అడుగు ఇసుకకు ఆని కూర్చుంది. జాకీ పెట్టి చక్రం లేపి, కింద సరుగుడు కొమ్మలు కుక్కాలి. జాకీ పెడితే బండి లేవలేదు, జాకీయే ఇసుకలోకి దిగిపోయింది. పోలయ్య సీటు వెనకాల తడుముతూ, “అమ్మా, చెక్క ఏది?” అన్నాడు.

“ఏ చెక్క?”

“మందంగా ఉంటదే, ఈడ పెట్టుకోనుంటాడు. జాకీ కింద వేసేది. అది లేకుండా అన్న ఇల్లు కదలడు గదమ్మా.”

మా గుమ్మం పక్క బల్ల కళ్ల ముందు కనిపించింది.  “ఇంటికాడ ఉండాది,” అన్నాను.

జాలర్ల పాలెం నుంచి పడవ చెక్కలు తెచ్చేలోపు నీళ్లు ఇంజన్లోకి వస్తాయన్నారు. చుట్టూ ఇసుక, నీళ్లు. ఆ ఒడ్డున గట్టిగా, చదునుగా ఉన్న వస్తువు ఒక్కటే. అందరికీ అది తెలుసు. ఒక్కరూ అటు చూడలేదు. జీపు పోతే మేత కిరాయి పోతుంది, వాడి చేతులు పడిన ఇనుమంతా పోతుంది. సిలువ పోతే వాడి పేరు పోతుంది.

“దించండి,” అన్నాను.

“వద్దక్కా, బండి పోతే ఆ డబ్బు నేను ఎట్టయినా కడతా...” అన్నాడు రమణయ్య.

“దించయ్యా. నీళ్లు ఆగవు.”

నలుగురూ సిలువను దించి చక్రం పక్కకు తెచ్చారు. పోలయ్య ఒక్క క్షణం ఆగి, “పేరు కిందికి తిప్పుదాం. పేరు మీద జాకీ పెట్టలేం,” అన్నాడు. తిప్పి, ఇసుకలో బోర్లా పడుకోబెట్టారు. దాని వీపు మీద జాకీ పెట్టి తిప్పారు. బండి లేచింది. సిలువ లోపల ఎక్కడో పటుక్కున ఒక శబ్దం వచ్చింది. చక్రం కింద కొమ్మలు కుక్కి, కొక్కేనికి తాడు కట్టి, పెద్ద వల ఒడ్డుకు లాగినట్టు లయగా లాగారు. మస్తాన్ కొక్కెం నిలిచింది. జీపు బయటికొచ్చింది.

వెనక్కి తిరిగి చూసేసరికి గుంటలో నీళ్లు నిండాయి. సిలువ ఒక చెయ్యి విరిగి, ఇసుకలోకి దిగిపోతోంది. ఇద్దరు దిగి లాగబోతే అల వచ్చి వాళ్లను తోసింది. నేనే వద్దని పిలిచాను. ఆ నీళ్లకు ఇంకొకరిని ఇవ్వలేను. “పోటు తగ్గినాక తవ్వి తీస్తాంలేమ్మా,” అన్నాడు పోలయ్య. మర్నాడు ప్రార్థన వేళకు ఫోను చేశాడు. “ఇసక జరిగిపోయిందమ్మా. ఎంత తవ్వినా చేతికి తగల్లేదు,” అన్నాడు. ఫిబ్రవరిలోనూ అతను నాకు చెప్పింది ఇంచుమించు ఇదే.

సమాధుల పండుగ వచ్చి పోయింది. రూతమ్మ వాళ్లు సున్నం చేతులతో మా వాకిలి ముందు నుంచే వచ్చారు. నేను తలుపు వేసుకున్నాను. పాస్టరుగారు వచ్చి, నీ కొడుకు ప్రభువు దగ్గర ఉన్నాడమ్మా అన్నారు. ఉండవచ్చు. నాకు మాత్రం వాడు ఆ ఇసుక కింద బోర్లా పడుకుని జీపును వీపు మీద మోస్తున్నట్టే ఉంటుంది. నన్ను ఇంటికి పంపడానికి. జీపు సోమవారం బస్తాలు వేసుకుని పోయింది. బాగా నడుస్తోంది. మళ్లీ సిలువ పోయించనా అని మేస్త్రీ అడిగాడు, వద్దన్నాను. ఆ దారి చూడాలనుకునేవాళ్లు వానలన్నీ పోయాక, ఎండాకాలంలో పోండి. మొగలో మాత్రం దిగకండి, ఎంత లోతు తక్కువగా కనిపించినా దిగకండి.

బండికి టైర్లు, కమాన్లు తర్వాత చూసుకోవచ్చు. ముందు ఒక మందమైన చెక్క సంపాదించుకోండి, రంపపు మిల్లులో ముక్కలు ఊరికే ఇస్తారు. జాకీ కింద వేయడానికి. దాన్ని ఏ పనికీ ఇంట్లోకి తేకండి. సీటు వెనకాల, చెయ్యి చాస్తే అందేటట్టు పెట్టుకోండి. మా వాడు అక్కడే పెట్టుకున్నాడు.