ఎమ్, ఏ, ఏ నేర్పిన టీచరమ్మ

మా పక్కింటి టీచరమ్మ పోయిన శుక్రవారం పొద్దున కన్నుమూశారు. గుండె ఆగిపోయిందని ఆమె తమ్ముడు వచ్చి చెప్పాడు. వాకాడు దగ్గర మా పల్లెలో ముప్పయ్యేళ్లు పాఠాలు చెప్పిన మనిషి. నేను మాత్రం ఆమె దగ్గర చదువుకున్నది పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాకే.

కువైట్‌లో ఇంటిపనికి వీసా వచ్చినప్పుడు నాకు ఇంగ్లీషు అక్షరం ఒక్కటీ రాదు. ప్రయాణం నెల ఉందనగా, దారి తప్పిపోతానని, వెళ్లనని ఏడుస్తూ కూర్చున్నాను. ఆమె కొంగు ముడిలోంచి సుద్దముక్క తీశారు. రిటైరయ్యాక కూడా అది అక్కడే ఉండేది. మా గచ్చు మీద టికెట్ మీదా, బ్యాగు చీటీ మీదా ఊరికి గుర్తుగా వేసే మూడక్షరాలు, చెన్నై విమానాశ్రయానికి ఎమ్ ఏ ఏ అనీ, కువైట్‌కు కే డబ్ల్యూ ఐ అనీ రాశారు.

“చదవద్దు. మనిషి మొహం చూసినట్టు చూడు. పేరు తెలియకపోయినా మొహం గుర్తుపడతావు గదా” అన్నారు.

నేను వాకిలి ఊడుస్తుంటే గోడ అవతలి నుంచి అడిగేవారు. చేపలు తోముతుంటే వచ్చి, పొలుసు అంటిన వేలితోనే రాయమనేవారు.

చెన్నై పేరులో ‘మ’ లేదు కదా అని ఒకరోజు అడిగాను. తెలియదని ఒప్పుకున్నారు. మర్నాడు బస్సెక్కి నెల్లూరు వెళ్లి, టికెట్లు బుక్ చేసే అతన్ని అడిగి, గొడుగు అక్కడే మరిచిపోయి వచ్చారు. అక్షరాలు ఎక్కువగా ఊరి పేరులోంచే తీస్తారట. ఒక ఊరికి ఇచ్చినవి ఇంకో ఊరికి ఇవ్వరట. ఇవి మద్రాసు అనే రోజుల నాటివి. ఊరి పేరు మారినా అక్షరాలు మారలేదు. ఎమ్ ఏ డీ అని పెడదామంటే అది స్పెయిన్‌లో మాడ్రిడ్ అనే ఊరికి ఉందట. చెబుతూ చిన్నపిల్లలా సంబరపడ్డారు.

రెండేళ్ల తర్వాత తిరిగొస్తుంటే, అక్కడి ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో ఒకతను నా బ్యాగుకు చీటీ అంటించాడు. మొదటి అక్షరమే వేరే మొహం. పిల్లల కోసం కొన్న బట్టలన్నీ అందులోనే ఉన్నాయి. వెనక పెద్ద వరస. భయమేసింది గానీ బ్యాగు వదల్లేదు. గాల్లో వేలితో మూడక్షరాలూ రాసి చూపించాను. అతను నా టికెట్ చూసి, ఆ చీటీ చింపేసి కొత్తది అంటించాడు.

ఇంటికొచ్చి ఆమెకు చెప్పాను. “భయపడతానే అడ్డం పడినావే, అది నేను నేర్పింది కాదు” అన్నారు.

ఆ తర్వాత గల్ఫ్ వెళ్లే ప్రతి ఆడమనిషినీ నేనే ఆమె అరుగు మీదికి తీసుకెళ్లేదాన్ని.

సమాధి చేసిన రోజు కువైట్, మస్కట్, దోహాల నుంచి, ఆమె దగ్గర అక్షరాలు నేర్చుకున్న తొమ్మిదిమంది ఒకే వీడియో కాల్‌లోకి వచ్చారు. ఫోను పైకెత్తి పట్టుకున్నాను. సముద్రపు గాలికి పాస్టరుగారి ప్రార్థన వాళ్లకు సరిగా వినిపించి ఉండదు. ఎవరెవరి ఇళ్ల వంటగదుల్లోనో, తలమీద ముసుగు వేసుకుని, మట్టి పూడ్చేదాకా వాళ్లు కదలకుండా నిలబడ్డారు.